రాస్తూ రాస్తూ కథ దారి మళ్లితే

కథలు రాసేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చాయి. దాదాపు అందరిదీ ఒకటే గోడు: అనుకోని ఆలోచన మధ్యలో వచ్చి పడితే ఏం చేయాలి, అసలు రాకపోతే ఎలా రప్పించాలి? అందుకే అన్నిటినీ ఒక్కచోట చేర్చాం. ఉత్తరాలను కుదించాం. పేర్లు వద్దన్నవాళ్లు ఉన్నారు కాబట్టి అందరివీ ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: పొగాకు రైతు మీద కథ మొదలుపెట్టాను. కొండపి వేలం కేంద్రంలో ఎవరూ ధర పాడక బేళ్లు నోబిడ్ అవుతాయి, రైతు వాటిని ఇంటికి తెస్తాడు, కొడుకుతో గొడవ, చివరికి పొలం అమ్మకం. మొత్తం ఎనిమిది సన్నివేశాలు ముందే వేసి పెట్టుకున్నాను. నాలుగో సన్నివేశంలో బేళ్లు విప్పి మళ్లీ గ్రేడింగ్ చేస్తుంటారు. అక్కడ ఊరికే కూర్చుని ఆకు ఏరాల్సిన ఆడమనిషి రైతు కొడుకుతో "ఈ ఆకు మీది కాదబ్బయా" అనేసింది. నేను అనుకున్న మాట కాదది. అప్పట్నుంచి కథ కదలడం లేదు. కొట్టేయాలా, ఉంచాలా?
— ఒక టీచరు, టంగుటూరు

జవాబు: కొట్టేయొద్దు. అలాగని అసలు ప్రతిలోనే ఆమె వెంట పరిగెత్తొద్దు. కొట్టేస్తే ఆ మాట ఎందుకొచ్చిందో మీకే తెలియకుండా పోతుంది. అక్కడే కొనసాగిస్తే ముందున్న మూడు సన్నివేశాలూ ఒక కథ, తర్వాతవి ఇంకో కథ అయి కూర్చుంటాయి. అతుకు ఎక్కడ పడిందో చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అసలు ప్రతిని ఆ వాక్యం దగ్గర ఆపి వేరే కాగితం తీసుకోండి. పైన ఆ ఒక్క మాట రాసి, కింద అరగంట ఆపకుండా రాయండి. వాక్యాలు బాగుండాల్సిన పనిలేదు. ఒకే షరతు: చేతులు చేసే పని, నోరు అనే మాట, ఈ రెండే ఉండాలి. ఆమె అలా ఎందుకంది అని వివరించే వాక్యం ఒక్కటీ రాకూడదు. వివరణ మొదలైందంటే ఆమె నోటితో మీరు మాట్లాడుతున్నట్టే. పని చేసుకునే మనిషి ఉన్నట్టుండి తత్వం చెప్పడం మన కథల్లో బాగా పాతబడిన జబ్బు.

ఆకు గురించి తెలిసినవాళ్లు రాస్తే ఆ కాగితం ఇలా ఉండొచ్చు (బ్యారన్ అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది): "ఆమె ఆకును తొడిమ దగ్గర పట్టుకుని ఈనె మీద బొటనవేలు పెట్టి నొక్కింది. మొదలు ఇంకా లావుగా ఉంది. పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. అదీ అంతే. 'మీ నాయన ఈనె ఆరకుండా బ్యారన్ దించడు. ఈ ఆకు మీది కాదబ్బయా' అంది, మూడోది తీస్తూ."

ఈ నాలుగు ముక్కల్లో కథకు పనికొచ్చే కారణం ఒకటి దొరికింది, చూడండి. బ్యారన్‌లో మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత రెక్క ఆరాలి, చివరికి ఈనె ఆరాలి. కట్టెలు మిగుల్చుకోవాలనో, వెనక ఇంకో బ్యారన్ నింపాలనో తొందరపడి ముందే దించితే ఈనె మొదట్లో తేమ ఉండిపోతుంది. బేలు కట్టాక ఆ తేమే బూజు పట్టిస్తుంది. బేలు నోబిడ్ కావడానికి అదొక కారణం. అంటే మీ రెండో సన్నివేశంలో ఊరికే జరిగిన నోబిడ్‌కి నాలుగో సన్నివేశంలో ఆమె కారణం చెప్పింది. ఇలా వెనక్కి వెళ్లి ఏదో ఒకదానికి తగులుకునే మాటను వదులుకోకూడదు.

మర్నాడు ఆ కాగితం ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట నిజమైతే ఇంతకుముందు రాసిన ఏ సంఘటనకు అర్థం మారుతుంది? బయటపడితే ఎవరికి నష్టం? పైకి అనాల్సిన అవసరం ఆమెకేం వచ్చింది? మీ కథలో మొదటిదానికి జవాబు దొరికేసింది. రెండోది ఇంకా బలమైంది. పొగాకు బోర్డు దగ్గర రైతూ, బ్యారనూ రెండూ రిజిస్టరై ఉండాలి. ఒక్కో బ్యారన్‌కి ఇంత అమ్ముకోవచ్చని పరిమితి ఉంటుంది. తండ్రి తన లెక్కలో వేరేవాళ్ల ఆకు పెట్టాడంటే అది ఎవరిది? లైసెన్సు లేని బావమరిదిదా? అప్పిచ్చినవాడిదా? కొడుకుతో గొడవ ఇప్పుడు ధర గురించి కాకుండా ఈ దాపరికం గురించి అవుతుంది. మూడోదానికి తొందరపడి జవాబు రాయకండి. ఆమె పొరబడి ఉండొచ్చు, పాత కక్ష ఉండొచ్చు, లేదా పనితనం తెలిసిన మనిషి ఊరికే చూసింది చెప్పి ఉండొచ్చు. చివరిదైతే బాగుంటుందని మా మొగ్గు.

ఆ తర్వాత మీ ఎనిమిది సన్నివేశాలనూ ఒక్కో వాక్యంగా పెన్సిలుతో రాసి, కొత్త మాట నిజమనుకుంటే ఏవి నిలుస్తాయో గుర్తు పెట్టండి. అయిదారు నిలిచి వాటిలో కొన్ని కొద్దిగా మారాల్సి వస్తే ఆ ఆలోచనను కథలోకి తీసుకోండి. రెండే నిలిస్తే అది వేరే కథ. దానికి వేరే ఫైలు తెరిచి, ఇక్కడ ఆమెను మౌనంగా ఆకు ఏరనివ్వండి. ఎనిమిదీ ఏ మార్పూ లేకుండా నిలిస్తే మాత్రం నిర్దాక్షిణ్యంగా తీసేయండి. దేన్నీ కదిలించలేని మాట ఎంత మెరిసినా కథకు బరువే. ఈ చివరి సంగతి చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ఏదీ మార్చక్కర్లేదు కదా, ఉంచేద్దాం అనుకుంటారు.

తీసుకోవాలని తేలితే అయిదో సన్నివేశానికి పోకండి. ముందు ఒకటి, రెండు సన్నివేశాలకు వెళ్లి ఒక్కో వాక్యం పెట్టండి. మొదటిదాంట్లో తండ్రి కొడుకును లేపకుండా కూలీలతో బేళ్లు లోడ్ చేయించాడు. రెండోదాంట్లో నోబిడ్ అన్నాక కొనేవాళ్లతో వాదించకుండా, బండి ఎప్పుడొస్తుందని అడిగాడు. ఈ రెండూ చాలు. మూడో సూచన కూడా పెడితే గ్రేడింగ్ దాకా రాకముందే చదివేవాళ్లకు సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: గ్రానైట్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. రాత్రుళ్లు మంచి మంచి ఆలోచనలు వస్తాయి, పొద్దునకి ఒక్కటీ గుర్తుండదు. ఫోన్లో రాసుకున్నవి చూస్తే అర్థం కావు.
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీరు పంపిన నోట్సులో "ఒంటరితనం", "రాయికి మనసుంటే", "నాన్న—దుమ్ము" అని ఉన్నాయి. అవన్నీ ఆలోచన కలిగించిన మూడ్‌లు. ఆలోచన మాత్రం ఎక్కడో జారిపోయింది. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, అందులో తేడాగా ఏముంది: ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పట్టాలి. "లారీ డ్రైవర్ గేటు దగ్గర క్యారియర్ ఇచ్చి, వేరేవాడి పేరు చెప్పి వెళ్లిపోయాడు" అని రాసుకుంటే నెల తర్వాత చూసినా కథ మొదలుపెట్టొచ్చు. చేతులు ఖాళీ లేకపోతే వాయిస్ రికార్డు చేయండి, 20 సెకన్లు దాటకుండా. దాటితే మళ్లీ వినబుద్ధి కాదు. వారానికోసారి కూర్చుని కాగితం మీదికి ఎక్కించండి. అప్పుడు విన్నా ఏమీ గుర్తురానివి తుడిచేయండి, బాధపడకుండా.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. ఏ కథ మొదలుపెట్టినా ఎక్కడో చూసిన సినిమాలాగే వస్తుంది. కొత్త ఆలోచన కోసం ఎదురుచూస్తే రాదు. దీనికేమైనా పద్ధతి ఉందా?
— ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ఉంది, అది మన ఇంట్లోదే. అష్టావధానం ఎప్పుడైనా చూశారా? ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ చేరి, పద్యాలు చెప్పే అవధానిని తనకిష్టమైన దారిలో పోనివ్వరు. దత్తపది ఇచ్చే ఆయన పొంతన లేని నాలుగు పదాలు ఇచ్చి, వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. నిషిద్ధాక్షరి చూసే ఆయన తర్వాత ఏ అక్షరం వస్తుందో ఊహించి దాన్నే వద్దంటాడు. అవధాని నోట అలవాటైన మాట రాబోతున్న ప్రతిసారీ ఆ దారి మూసేస్తారన్న మాట. పక్కదారి వెతుక్కోక తప్పదు. మీకు సినిమా సన్నివేశాలే వస్తున్నాయంటే మీ దారులన్నీ తెరిచే ఉన్నాయని అర్థం.

వచనానికి దీన్ని ఇలా వాడుకోవచ్చు. 60 చీటీలు కత్తిరించండి. 20 చీటీల మీద పనిలో ఉన్న మనుషులు: రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా మనిషి, మార్కాపురంలో పలకలకు చట్రం బిగించే కుర్రాడు, వెంకటగిరిలో జాందానీ నేసే ఆమె, బిట్రగుంట స్టేషన్లో ఆఖరి బండి దాకా కూర్చునే టీ మనిషి. ఇంకో 20 మీద వస్తువులు: ఉదయగిరి కొయ్య గరిటె, మూత లేని క్యారియర్ గిన్నె, ఎవరిదో ఆధార్ జిరాక్సు, చార్జి నిలవని బ్యాటరీ లైటు. మిగతా 20 మీద నిషేధాలు: ఎవరూ ఏడవకూడదు, గతంలోకి పోకూడదు, ఎవరూ నిజం చెప్పకూడదు, ఇద్దరూ ఒకే గదిలో ఉండకూడదు. ఒక్కో కుప్పలోంచి ఒక్కోటి తీయండి. నచ్చకపోయినా వెనక్కి వేయకూడదు. నచ్చేదాకా తీస్తూ పోతే చివరికి మళ్లీ సినిమా దగ్గరికే వస్తారు.

చీటీలు రాయడంలోనే సగం పని ఉంది. "రైతు", "పుస్తకం", "బాధ పడకూడదు" అని రాస్తే ఎందుకూ పనికిరావు. మనిషి ఏ పనిలో ఉన్నాడో, ఏ పూటో తెలియాలి. వస్తువు చేత్తో పట్టుకునేంత చిన్నదై ఉండాలి.

కాపలా మనిషి, కొయ్య గరిటె, ఎవరూ నిజం చెప్పకూడదు. ఈ మూడూ వచ్చాయనుకుందాం. చాలామంది వెంటనే చేసే పొరపాటు, గరిటెతో ఆ మనిషి అన్నం కలుపుకోవడం. అప్పుడు గరిటె బొమ్మలాగా ఉండిపోతుంది. వస్తువు దేనికోసం చేశారో ఆ పనికి కాకుండా ఇంకో పనికి వాడాలి, లేదంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవాలి. ఈ నియమం పెట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లండి. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. వెంటనే జనరేటర్ వేయాలి. జనరేటర్‌కి డీజిల్ ఉండాలి. ట్యాంకులో ఎంత ఉందో చీకట్లో ఎలా తెలుస్తుంది? గరిటె కాడ ముంచి చూస్తాడు. రెండు వేళ్ల మేర తడిసింది. అప్పుడే ఓనరు ఫోన్ చేసి డీజిల్ ఎంతుందని అడిగాడు. నిజం చెప్పడానికి వీల్లేదు కాబట్టి "సగముంది సార్" అన్నాడు. మిగతా డీజిల్ ఏమైందో మీకింకా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా అప్పుడే లేదు. ఓనరు అడిగిన తీరు చూస్తే అతనికి ముందే తెలుసేమో అనిపిస్తుంది. అదీ నిజం చెప్పకపోవడమే.

టైము 15 నిమిషాలు, జాగా ఒక పేజీ. ముగింపు అక్కర్లేదు. వారానికి మూడు పేజీలు రాస్తే నెలకు డజను అవుతాయి. వాటిలో ఒకటో రెండో కథకు పనికొస్తాయి, మిగతావి పనికిరాకపోవడం మామూలే. పేజీ కథగా ఎదిగాక నిషేధాన్ని ఎత్తేయొచ్చు. అది పరంజా లాంటిది, గోడ నిలిచాక ఉంచుకోనక్కర్లేదు.

ప్రశ్న: రొట్టెల పండగ నేపథ్యంలో ఒక కథ రాశాను. కొడుక్కి ఉద్యోగం కోసం ఒకామె ఉద్యోగ రొట్టె పట్టుకుంటుంది. ఏడాది తర్వాత రొట్టె వదలడానికి చెరువు దగ్గరికి వస్తుంది. చివరి వాక్యంలో, కొడుకు ఆరు నెలల క్రితమే చనిపోయాడని తెలుస్తుంది. ఒక పత్రిక వాళ్లు "ముగింపు అతికించినట్టుంది" అని తిప్పి పంపారు. ఎవరూ ఊహించని ముగింపే కదా, అందులో తప్పేంటి?
— ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: ఊహించలేదు, నిజమే. ఊహించే వీలు మీరు ఇవ్వలేదు. కథంతా ఆమె మనసులోంచి చెప్పారు. బస్సు దిగింది, దర్గా వైపు నడిచింది, స్వర్ణాల చెరువులో మోకాటిలోతు దిగింది, దారిలో గాజుల ధర కూడా అడిగింది. కొడుకు పోయిన తల్లి ఇంతసేపూ ఆ సంగతి ఒక్కసారీ తలుచుకోలేదంటే అది దాచిపెట్టడం. పాత్రకు తెలిసి, మనం ఆమె మనసులో ఉండి, అయినా మనకు చెప్పకపోతే చదివేవాళ్లకు మోసపోయినట్టు ఉంటుంది. పత్రిక వాళ్లన్న అతుకు అదే. పైగా చావు చాలా సులువైన మలుపు. ఏ కథకైనా చివర తగిలించొచ్చు.

మీ సరుకులోనే ఇంతకంటే గట్టి సంగతి ఉంది. ఆ పండగ తెలియనివాళ్ల కోసం: మొహర్రం సమయంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం, చదువు, పెళ్లి, సంతానం, ఇల్లు, ఒక్కో కోరికకూ ఒక్కో రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏడాది వచ్చి అదే రకం రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. అంటే ఇచ్చేవాళ్లు తమ కోరిక తీరిందని పదిమందిలో చెప్పినట్టే.

ఇప్పుడు కొడుకును బతకనివ్వండి. ఉద్యోగం వచ్చింది, దూరదేశం వెళ్లాడు, మొదట్లో ఫోను వారానికోసారి, తర్వాత నెలకోసారి. ఈ సంగతి మొదటి పేజీలోనే చెప్పేయండి, దాచొద్దు. ఆమె రొట్టె తెచ్చింది, నీళ్లలో నిలబడింది. ఎదురుగా ఇంకో తల్లి చెయ్యి చాచి "ఉద్యోగ రొట్టేనా అమ్మా?" అని అడిగింది. ఈమెకు నోరు రాలేదు. అవునంటే ఆ తల్లి కొడుకూ దూరమవుతాడేమో. కాదంటే తను మొక్కు తప్పినట్టు. ఆఖరికి "సంతాన రొట్టెమ్మా" అంది. అడిగిన ఆమె "మాకది అక్కర్లేదు" అని పక్కకు జరిగింది. చదివేవాళ్లకు అన్నీ ముందే తెలుసు, అయినా ఈ మాట వస్తుందని ఎవరూ అనుకోరు. ఆమె బిడ్డనే తిరిగి అడుగుతోందని ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకో మార్పు. ఈ మాట ఆఖరి వాక్యంగా పెట్టకండి. పత్రిక కథ 1,500 పదాలుంటే 1,000 దాటాక ఎక్కడో రానివ్వండి. తర్వాత ఆమె ఆ రొట్టె ఏం చేసిందో రాయాలి కదా. ఇంటికి తెచ్చిందా, ఎవరికైనా ఇచ్చిందా? అక్కడ రాసే 300 పదాలే మీకు కష్టమైనవి. చివరి వాక్యంలో మలుపు పెట్టేవాళ్లు చాలామంది ఆ కష్టం తప్పించుకోవడానికే పెడతారు.

ప్రశ్న: ఫోన్లో ఏఐని అడిగితే నిమిషంలో పది ఐడియాలు ఇస్తోంది. వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: వాడుకోవచ్చు, మీరు అనుకున్నట్టు కాకుండా. అది ఇచ్చే మొదటి పదీ అందరికీ తట్టేవే. పల్లె కథ అడిగితే పాత ఉత్తరం, మర్రిచెట్టు, తిరిగొచ్చిన మనవడు దాదాపు ఖాయం. ఆ పదింటినీ నిషేధాల జాబితాగా పెట్టుకోండి. పైన చెప్పిన మూడో కుప్ప చీటీలకు మంచి సరుకు. పని గురించిన వివరాలు అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. మగ్గం భాగాల పేర్లో, అభ్రకం గనిలో పని తీరో అడిగితే తప్పు కూడా ఎంతో ధీమాగా చెబుతుంది. సైదాపురం మీకు పెద్ద దూరం కాదు. గనిలో పనిచేసిన మనిషితో ఒక గంట మాట్లాడితే ఏ యంత్రమూ ఇవ్వని వివరం ఒకటైనా దొరుకుతుంది, అదీ మీరు అడగని ప్రశ్నకు.

ప్రశ్న: చాలా ఏళ్ల కిందట సగంలో ఆపేసిన పెద్ద కథ ఒకటి బయటపడింది. ఇప్పుడు దాన్ని ఎలా ముగించాలో ఉన్నట్టుండి తట్టింది. కానీ నా రాత పూర్తిగా మారిపోయింది. అప్పటిది తోరణాలు కట్టిన వాక్యాలు, ఇప్పటిది పొడి పొడి. మొదటి సగం తిరగరాయాలా?
— రిటైర్డ్ ఉద్యోగి, సింగరాయకొండ

జవాబు: వెంటనే తిరగరాయొద్దు. ఈ చిక్కుకు మన ప్రాంతంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. మహాభారతాన్ని తెలుగు చేస్తూ నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. నెల్లూరులో తిక్కన దాన్ని అలాగే వదిలి విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. ఆ మిగిలిన భాగాన్ని పూరించింది ఎర్రన, అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. ఒకవైపు నన్నయ, ఇంకోవైపు తిక్కన. మధ్యలో రాయాల్సినవాడు నన్నయలా మొదలుపెట్టి, పోను పోను తిక్కన శైలిలోకి జారాడని పండితులు చెబుతూ వచ్చారు. ఎక్కడ మారిందో గీత గీసి చూపించడం కష్టం.

మీరు చేయాల్సిందీ అదే. పాత ప్రతిలో చివరి రెండు పేజీలు చేత్తో మళ్లీ రాయండి, ఒక్క మాటా మార్చకుండా. ఆ వాక్యం పొడవు చేతికి పడుతుంది. కొత్త భాగంలో మొదటి పేజీ అదే నడకలో రాయండి. తర్వాత మూడు నాలుగు పేజీల్లో విశేషణాలు తగ్గిస్తూ, వాక్యాలు కుదిస్తూ రండి. ఈ మార్పుకు కథలో ఒక కారణం దొరికితే ఇంకా మంచిది: కాలం గడవడం, పాత్ర ఊరు మారడం, ఇల్లు ఖాళీ కావడం. అధ్యాయం మారే చోట హఠాత్తుగా మార్చడం వల్లే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొత్తం అయ్యాక చదివి చూస్తే మొదటి సగంలో తీసేయాల్సినవి వాటంతటవే కనబడతాయి. సాధారణంగా అవి మీరు భయపడినంత ఉండవు.

ప్రశ్న: మా నెల్లూరు మాట రాస్తుంటే దానంతటదే వచ్చేస్తోంది. "ఏం చేస్తున్నావు" అని మొదలుపెట్టి "ఏం చేస్తుండావ్" అని రాసేస్తున్నాను. సరిదిద్దాలా?
— ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: సంభాషణల్లో ఉంచండి, కథనంలో ముందే ఒకటి తేల్చుకోండి. చెప్పేది ఊరి మనిషైతే మొత్తం ఆ మాటే. కాకపోతే కథనం మామూలుగా నడిపించి మనుషుల నోట్లో మాత్రం యాసను ఉండనివ్వండి. ఒకే మనిషి ఒక పేజీలో "యాడికి" అని, ఇంకో పేజీలో "ఎక్కడికి" అని అంటే దానికో కారణం ఉండాలి. కలెక్టరాఫీసులో ఒకలా, ఇంటి అరుగు మీద ఒకలా మాట్లాడేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ కారణం దొరకడం కష్టమేం కాదు.

ప్రశ్న: మా చిన్నత్త ఒక పెళ్లిలో అన్న మాటతో మొత్తం కథ కళ్లముందు కనిపించింది. రాస్తే ఆమెకు తెలిసిపోతుంది, ఇంట్లో గొడవ. రాయకపోతే నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: పేరు మార్చితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. బంధువులు పేరుతో గుర్తుపట్టరు. సందర్భం, నగలు, జబ్బు, ఊతపదం, వీటితో పడతారు. మీ ఉత్తరంలో ఆ మాట బంగారం గురించి, పెళ్లిపందిట్లో, ఆడపడుచుతో అన్నట్టుంది. ఆ మాట వెనకున్న దెబ్బను మాత్రం ఉంచుకుని మూడు మార్చండి: సందర్భం, ఇద్దరి మధ్య చుట్టరికం, గొడవకు కారణమైన వస్తువు. పెళ్లి తీసేసి ఆసుపత్రి వరండా పెట్టండి. వదిన ఆడపడుచులను తీసేసి ఒకే షాపులో ఇరవై ఏళ్లు పనిచేసిన ఇద్దరు మగవాళ్లను పెట్టండి. బంగారం బదులు షాపు తాళాలగుత్తి. ఇలా మార్చాక కూడా ఆ మాట అంతే గట్టిగా తగిలితే కథ మీదే. చల్లబడిపోతే మీకు కనిపించింది కథ కాదు, చిన్నత్త మీద కోపం. దాన్ని డైరీలో రాసుకోండి.

మార్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఇద్దరు మగవాళ్లు ఆ మాట అదే మాటల్లో అనరు. చిన్నత్త వాక్యం మీకు ఎంత నచ్చినా అక్కడ అతకదు, కొత్త వాక్యం వెతకాలి. రెండు మూడు రకాలుగా రాసి చూడండి, పైకి చదవండి. దొరికినదాంట్లో చిన్నత్త గొంతు మీకు వినబడకపోతే పత్రికకు పంపొచ్చు.